ద్వీపములకు పంపబడిన పాఠము

పత్మాసు ద్వీపమున పరవాసియై యున్న యోహాను తాను చూచినదానిని గ్రంథముగా వ్రాసి ఆసియలోని ఏడు సంఘములకు పంపవలసిన వాడాయెను. ప్రకటన గ్రంథము చదువువారు మృగములను, ముద్రలను, బూరలను గూర్చి మిక్కిలి విచారింతురు గాని, ఈ మొదటి సంగతిని అంతగా గమనింపరు. దూరవిద్య యనగానే నేడు మనస్సునకు తోచు చిత్రము ఒక్కటే: గట్టుమీద గురువు, సముద్రము నడుమ శిష్యుడు. పత్మాసులో అది తలక్రిందులైనది. బోధించువాడు ద్వీపమందుండెను, నేర్చుకొనవలసినవారు ఎఫెసు, స్ముర్న, పెర్గము వంటి గొప్ప పట్టణములలో నుండిరి.

మరియొక విశేషము కలదు. ఆ ఏడు సంఘములకు పోయిన మాట ఒక్కటే కాదు. ఒక సంఘము తన మొదటి ప్రేమను విడిచినది, మరియొకటి దరిద్రతలో నున్నను ధనవంతురాలు, ఇంకొకటి నులివెచ్చనిది. ఎవరి స్థితి ఏదియో ఎరిగి, వారికి తగిన మాట వారికి వ్రాయబడినది. ఒకే పాఠమును ఏడు ప్రతులు తీసి ఏడు కవరులలో పెట్టిన రీతి అక్కడ కానరాదు. దూరముననుండి బోధించువాడు తన ఎదుట లేనివానికి ఏమి ఋణపడియున్నాడు అను ప్రశ్న అప్పుడే పుట్టినది. పడవలు పోయి ఓడలు వచ్చినను, ఓడలు పోయి ఉపగ్రహములు వచ్చినను ఆ ప్రశ్న తీరలేదు.

1840లో ఇంగ్లండు దేశమున ఒక్క పెన్నీ ఖర్చుతో దేశమంతటికి ఉత్తరము చేరు ఏర్పాటు కలిగినప్పుడు, ఐజాక్ పిట్‌మన్ అను ఉపాధ్యాయుడు తాను కనిపెట్టిన షార్ట్‌హాండు లిపిని తపాలా ద్వారా నేర్ప మొదలిడెను. విద్యార్థులు బైబిలులోని కొన్ని వచనములను ఆ లిపిలో వ్రాసి పంపవలెను. ఆయన వాటిని దిద్ది మరల పంపును. తపాలా చదువులకు అదియే నాంది యని చెప్పుట వాడుక. ఆయన నేర్పదలచినది లిపినే గాని వేదమును గాదు. అయినను ఆ చిన్న యేర్పాటులో గట్టి సత్యము దాగియున్నది. అచ్చుయంత్రము పుట్టిన నాలుగు వందల యేండ్లలో పాఠములు దూరదేశములకు పోవుచునే యుండెను. పోవుట క్రొత్త కాదు. తిరిగి వచ్చుట క్రొత్త. విద్యార్థి వ్రాసినది గురువు బల్లమీదికి వచ్చి, గురువు చేతి గీతలతో మరల విద్యార్థి యింటికి చేరినందుననే అది బడి యనిపించుకొన్నది. లేనియెడల అది పుస్తకముల వ్యాపారమై యుండును.

తెలుగు క్రైస్తవ కుటుంబములలో అనేకులకు ఇట్టి చదువు తెలిసినదే. ఖాళీలు పూరింపుమనుచు తపాలాలో వచ్చిన పలుచని పుస్తకములు, సరియైన జవాబునకు ఎదుట గుర్తు పెట్టుమను ప్రశ్నలు, తుదకు పటము కట్టించి గోడకు తగిలించిన యోగ్యతాపత్రము. వాటివలన మేలు పొందినవారు కలరు. దానిని చులకన చేయ తగదు. కాని ఆ పుస్తకముల అంచులలో పెన్సిలుతో వ్రాయబడిన ప్రశ్నలకు జవాబు వచ్చినదా లేదా అనునది వేరు సంగతి.

ఇట్టి చదువునకు నిజమైన పరీక్ష పసిఫిక్ మహాసముద్రములో జరిగినది, జరుగుచున్నది. కిరిబాటి దేశమును చూచిన చాలును. దానికి చెందిన సముద్రము సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు; అనగా మన భారతదేశ విస్తీర్ణముకంటె కొంచెము ఎక్కువ. ఆ నీటినడుమ 33 దీవులు. వాటి నేల యంతయు కలిసి 811 చదరపు కిలోమీటర్లు మాత్రమే. జనము లక్షా ఇరవై వేలు. రాజధానియైన తరావానుండి తూర్పుననున్న కిరిటిమాటి దీవికి సుమారు 3,200 కిలోమీటర్లు. కాశ్మీరమునుండి కన్యాకుమారికి నున్నంత దూరము. దారిలో దిగుటకు ఊరు లేదు, నిలిచి నీళ్లు త్రాగుటకు బావి లేదు. గోదావరి లంకలలోని విశ్వాసులు వరదలకు రేవు కట్టువడి పది దినములు ఆరాధనకు పాస్టరు గారు రాలేకపోయిన బాధ ఎరుగుదురు. ఆ దీవులవారికి సంవత్సరమంతయు అట్టి వరదకాలమే.

ఆ ప్రజల భాషకు మొదట లిపి కూర్చి బైబిలును అనువదించినవాడు హైరమ్ బింగ్‌హామ్. ఆయన 1857లో అబయాంగు దీవికి వచ్చెను. వ్యాధిచేత అక్కడ నిలువలేక తుదకు హవాయిలోని హోనొలులులో స్థిరపడి, ఆ దూరముననుండియే పని సాగించెను. సంపూర్ణ బైబిలు అనువాదము 1890లో ముగిసెను. అనగా ఆ ప్రజల చేతికి వచ్చిన వేదములో పెద్ద భాగము దూరమునుండి వచ్చినదే. అయితే ఆయన ఒంటరిగా చేయలేదు. ఆ భాష మాతృభాషగా గలవారు ఆయన ప్రక్కనుండి సహాయము చేసిరి. ఒక మాట నోటికి ఎట్లు వచ్చునో, చెవికి ఎట్లు వినబడునో చెప్పుటకు మనిషి కావలెను. ఆ దేశము పేరే ఇందుకు నిదర్శనము. ఆ లిపిలో 'స' కారమునకు అక్షరము లేదు. 'టి' అని వ్రాసి 'స్' అని పలుకుదురు. కావున కిరిబాటి అని వ్రాయబడినదానిని వారు కిరిబాస్ అందురు. కాగితము మాత్రమే చూచినవాడు ఆ ప్రజల పేరునైనను సరిగా పలుకలేడు!

పూర్వకాలమున ద్వీపములలో వేదవిద్యకు ఒకే మార్గము ఉండెను: పడవ ఎక్కి బడికి పోవుట. రారొటొంగాలోని టకమోవా పాఠశాల 1839లోను, సమోవలోని మలువా పాఠశాల 1844లోను ఏర్పడినవి. ఎలెకానా అను వాని చరిత్ర చదువరులలో కొందరైనను ఎరిగియుందురు. ఆయన మనిహికి దీవి సంఘములో పరిచారకుడు. 1861లో చిన్న పడవలో పోవుచుండగా గాలికి దారి తప్పి, ఎనిమిది వారములు సముద్రముమీద కొట్టుకొనిపోయి, నేటి తువాలు దేశములోని నుకులాయెలాయె దీవికి చేరెను. అచ్చటివారికి తనకు తెలిసినంత బోధించెను. తరువాత మలువాకు వెళ్లి చదువుకొని 1865లో సమోవ బోధకులతో కూడ ఆ ద్వీపములకు తిరిగి వచ్చెను. గాలి ఒకసారి తెచ్చినచోటికి రెండవసారి తానే కోరి వచ్చినవాడు ఎలెకానా. అతనివంటి వారు వందలకొలది ఓడలెక్కి బడులకు పోయి, చదువుకొని, తమవి కాని దీవులలోనే మట్టియైరి. పసిఫిక్ దీవులలో సువార్త వ్యాపించినది ముఖ్యముగా ఇట్టివారివలననే గాని, చరిత్రపుస్తకములలో పెద్ద అక్షరములతో పేర్లు గలవారివలన మాత్రమే కాదు.

ఈ మార్గమునకు మూల్యము ఉన్నది. బడికి పోగలవాడు యువకుడు, కుటుంబభారము లేనివాడు, ఇంగ్లీషు కొంత తెలిసినవాడు. సంఘము నిజముగా ఎవరి మాట వినునో అట్టి నడివయస్సు పెద్ద పోలేడు. వానికి చేపల వల ఉన్నది, ముసలి తల్లి ఉన్నది. స్త్రీల సంగతి చెప్పనక్కరలేదు. పోయినవాడు నాలుగేండ్లు పట్టణములో నుండి తిరిగి వచ్చునప్పటికి తన దీవి వానికి చిన్నదిగా కనబడును. కొందరు తిరిగి రానే రారు. ఇది ద్వీపముల బాధ మాత్రమే కాదు. మధ్య అమెరికాలోని గ్వాతెమాలా దేశపు ప్రెస్బిటేరియన్ వేదపాఠశాలవారు తమ ఇరువదియైదేండ్ల కృషిని లెక్కచూచుకొనగా, తాము తర్ఫీదు చేసినవారిలో పదిమంది మాత్రమే సంఘసేవలో నిలిచినట్లు తేలెను. లెక్క చూచుకొనుటకే ధైర్యము కావలెను. వారు 1963లో విద్యార్థిని బడికి రప్పించుట మాని, బడినే విద్యార్థి యొద్దకు పంప మొదలిడిరి. ఇంటియొద్ద చదువుటకు పాఠము, వారమునకొకసారి దగ్గరి ఊరిలో గురువుతో కూడిక. ఆ పద్ధతి త్వరలోనే ఖండములను దాటినది. 1971లో మన దేశమున బెంగుళూరు కేంద్రముగా ఇట్టి విద్యకు ఒక సంస్థ ఏర్పడినది. ఫిజీలోని సువాలో 1960లలో స్థాపితమైన పసిఫిక్ థియొలాజికల్ కాలేజీ కూడ దీవులలో ఉన్నచోటనే చదువుకొనువారికి ప్రత్యేక శాఖ నడిపినది.

గ్వాతెమాలాలో వారమునకొకసారి గురువు గుఱ్ఱముమీదనో జీపుమీదనో వచ్చుట సాధ్యము. మూడువేల కిలోమీటర్ల నీటిమీద అది ఎట్లు సాధ్యము? అచ్చట వారపు కూడిక తొలగిపోయి పాఠము మాత్రము మిగిలెడి అపాయము కలదు. ప్రశ్న అంతయు ఇక్కడనే ఉన్నది.

మహాభారతములోని ఏకలవ్యుని కథ ఎరుగని తెలుగువాడు లేడు. గురువు ఎదుట లేకుండ విద్య నేర్చినవారిలో అతడు పేరుపొందినవాడు. మట్టిబొమ్మ నెదుట నిలిపి తానే అభ్యాసము చేసెను. పండితులు అతని గురుభక్తిని పొగడుదురు, లేక అతనికి జరిగిన అన్యాయమునకు నొచ్చుకొందురు. కథలోని ద్రోణుని వైపునుండి చూచినయెడల మరియొక సంగతి కనబడును. ఆ గురువు వానికి ఒక్క పాఠమును చెప్పలేదు, వాని బాణమును ఒక్కసారి దిద్దలేదు, వాడు బ్రదికియున్నాడో లేదో విచారింపలేదు. అయినను గురుదక్షిణ యడుగుటకు మాత్రము గురువైనాడు. విద్యార్థుల పేర్లు వార్షిక నివేదికలలో సంఖ్యగా చూపుకొని, ఆ సంఖ్యచేత చందాలు పొంది, ఆ పేరుగల మనిషి వ్రాసిన ప్రశ్నను చదువక ప్రక్కన పెట్టు ఏ సంస్థయైనను, ఎంత భక్తిగల పేరు పెట్టుకొన్నదైనను, ఆ దక్షిణనే పుచ్చుకొనుచున్నది. ఈ మాట కఠినముగా తోచవచ్చును. బొటనవ్రేలు పోయినవానికి ఇంకను కఠినముగా తోచును.

ఒక ఉదాహరణ తీసికొందము. కిరిబాటిలో ఒక దూరపు దీవిలో ఒక యువతి ఆదికాండము పాఠము చదువుచున్నదనుకొనవలెను. తొమ్మిదవ అధ్యాయము: నోవహు, జలప్రళయము, నిబంధన. దేవుడు ఇచ్చిన గురుతు ఏది? మేఘములోని ధనుస్సు. ఏమని వాగ్దానము చేసెను? భూమిని నాశనము చేయు జలప్రళయము ఇక కలుగదని. ఆమె రెండింటికి సరియైన జవాబు వ్రాసినది. పూర్తి మార్కులు. కాగితము వెనుకవైపున చిన్న అక్షరములతో ఆమె ఇట్లు అడిగినది: ఈ యేడు మా బాబాయి గుంటలోనికి ఉప్పునీరు వచ్చినది. బావినీరు చప్పగా లేదు. మా సంఘపెద్ద ఈ వాగ్దానమును చూపి భయపడవద్దనుచున్నాడు. బడిలో టీచరు సముద్రము పెరుగుచున్నదనుచున్నది. టీచరు మాట నమ్మిన యెడల దేవుని మాట నమ్మనట్లా? దీవి విడిచి వెళ్లిన మా అన్న అవిశ్వాసియా?

బాబాయి యనగా తెలుగువారి పినతండ్రి కాదు. చేమదుంప జాతికి చెందిన పెద్ద దుంప. పగడపు దీవులలో మన్ను లేదు. కావున నేలను లోతుగా త్రవ్వి, అడుగున ఊరు మంచినీటిలో ఆకులు కుళ్లబెట్టి ఎరువు చేసి ఆ దుంపను పెంచుదురు. తాతలు త్రవ్విన గుంటలను మనుమలు అనుభవింతురు. సముద్రపు ఉప్పు ఒకసారి లోనికి ఊరెనా, ఆ గుంట ఎన్నియో యేండ్లు పనికిరాదు. ఆ దేశపు నేలలో అధిక భాగము సముద్రమట్టమునకు రెండు మూడు మీటర్లకు మించి ఎత్తు లేదు. కిరిబాటి, తువాలు విశ్వాసులలో అనేకులు నోవహుతో చేయబడిన వాగ్దానమును ఆధారము చేసికొని సముద్రము పెరుగునను మాటను త్రోసివేయుచున్నారని ఆ ప్రాంతమును పరిశీలించినవారు వ్రాసియున్నారు. కావున పై యువతి కల్పితయైనను ఆమె ప్రశ్న కల్పితము కాదు.

ఇప్పుడు ఆ కాగితము దిద్దువాని సంగతి. వాడు ఎక్కడనో మెరక నేలమీద, విద్యుద్దీపము క్రింద కూర్చుండియున్నాడు. వాని చేతిలో జవాబుల పట్టిక ఉన్నది. అందులో ధనుస్సు ఉన్నది. బాబాయి గుంట లేదు. వాని యెదుట ఇంకను మూడువందల కాగితములు ఉన్నవి. పూర్తి మార్కులు వేసి, క్రింద "సంతోషము, ముందుకు సాగుము" అని వ్రాసి పంపివేసిన యెడల వాడు అబద్ధమాడలేదు, దొంగిలలేదు, నియమము దేనిని మీరలేదు. అయినను ఏదియో ఘోరము జరిగినది. పట్టపగలు దారిప్రక్కన పడియున్నవానిని చూచి ప్రక్కగా పోయిన యాజకుడును నియమము మీరియుండడు.

లేక వాడు జవాబు వ్రాయవచ్చును. వ్రాయదగిన జవాబు లేకపోలేదు. 2004 మార్చిలో కిరిబాటిలోనే కూడిన పసిఫిక్ సంఘముల ప్రతినిధులు వాతావరణపు మార్పును గూర్చి 'ఒతిన్ తాయి' అను పేరుతో ఒక ప్రకటన చేసిరి. ఆ భాషలో అది సూర్యోదయము. ద్వీపములలోని కాపరులు అనేకులు ఇప్పుడు బోధించునది ఇది: దేవుడు తన వాగ్దానమును తప్పలేదు, నేడు వచ్చు నీరు ఆయన పంపినది కాదు, మనుష్యులు తమ పొగలచేత తెచ్చుకొన్నది, అందును దూరదేశపు ధనవంతులు తెచ్చి బీదల గడపలో పోసినది. ఈ జవాబు వాక్యమునకు విరుద్ధము కాదు, శాస్త్రమునకును విరుద్ధము కాదు. అయితే ఎవరు చెప్పుచున్నారు అనునది మిగిలియున్నది. తన గుంటలో ఉప్పు ఊరిన కాపరి ఈ మాట చెప్పినయెడల అది సాక్ష్యము. మెరకమీది దిద్దువాడు చెప్పినయెడల అది సమాచారము. మాట ఒక్కటే, బరువు వేరు. "నీ దీవిని విడిచి పొమ్ము" అనియైనను "నిలిచియుండుము" అనియైనను చెప్పుటకు వానికేమి అధికారము? ఆ గుంటను త్రవ్విన తాత సమాధి ఆ దీవిలోనే ఉన్నది. (2014లో కిరిబాటి ప్రభుత్వము ఫిజీలో సుమారు 20 చదరపు కిలోమీటర్ల భూమిని కొన్నది. దానిని అమ్మినది ఇంగ్లండు సంఘము. వెల పుచ్చుకొనియే అమ్మెను.)

దూరమున నున్న బోధకుని మొదటి ఋణము జవాబు కాదు, ప్రశ్న. ఆ గుంట ఒడ్డునకు ఎంత దూరము? ఇంటిలో ఎందరు? అన్న వెళ్లిన తరువాత ఉత్తరము వ్రాసెనా? ఆ సంఘపెద్ద భయపడవద్దని చెప్పినప్పుడు ఆయన ముఖము ఎట్లుండెను? ఇట్లు అడిగి ఒక ఉత్తరము వ్రాసినయెడల ఆ యువతికి తెలియవలసినది తెలియును: తాను చదువబడితినని. యేసు ప్రభువు గ్రుడ్డివాడైన బర్తిమయిని చూచి, వానికి కన్నులు లేవని స్పష్టముగా తెలిసియు, తాను ఏమి చేయగోరుచున్నాడో వానినే అడిగెను. ఆ ప్రశ్న అనవసరమని తలచువారు బోధకవృత్తికి పోకుండుట మంచిది.

రెండవ ఋణము కొంచెము కష్టమైనది. ఆ కాగితము వచ్చిన తరువాత ఆదికాండపు పాఠము మునుపటివలె ఉండరాదు. దూరవిద్య నడుపు సంస్థ యోగ్యత తెలిసికొనుటకు ఎందరు చేరిరి, ఎందరు ఉత్తీర్ణులైరి అని లెక్కింపనక్కరలేదు. పాఠ్యపుస్తకపు మొదటి ముద్రణను, పదియేండ్ల తరువాతి ముద్రణను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. అచ్చుతప్పులు దిద్దుట తప్ప మరియే భేదమును లేనియెడల, ఈ పదియేండ్లు ద్వీపములవారు వ్రాసినదేదియు గురువు చెవికి చేరలేదు. సత్యవాక్యము మారునా యని అడుగువారు కలరు. మారదు. పాఠము వాక్యము కాదు గదా! గోధుమ పండని, ద్రాక్ష ఎరుగని, గొఱ్ఱెను పటములోనే చూచిన ప్రజలకు కాపరిని గూర్చియు రొట్టెను గూర్చియు వ్రాయబడిన పాఠమును ఎవరో ఒకచోట కూర్చుండి, తమ ఊరి గొఱ్ఱెలను తలచుకొని వ్రాసిరి. ద్వీపవాసి అడిగినప్పుడు ఆ పాఠము తన పుట్టుకను ఒప్పుకొనవలెను. టోంగా దేశస్థుడును సువా కళాశాలకు అధ్యక్షుడుగా నుండినవాడునైన సియోనె అమనాకి హవేయా కొబ్బరికాయ గుర్తుగా క్రీస్తు చరిత్రను వివరింప పూనుకొన్నప్పుడు కొందరు నవ్విరి. నీటిని, ఆహారమును, పీచును, నీడను ఇచ్చి, పగులగొట్టబడి బ్రదికించు కాయ తెలుగువానికైనను క్రొత్త కాదు. గుడిలో కొట్టబడుటచేత మాత్రమే క్రైస్తవులకు అది కొంత దూరమైనది.

మూడువందల కాగితములు గలవాని మొర న్యాయమైనదే. ప్రతి యంచులోని ప్రతి ప్రశ్నకు వాడు ఉత్తరము వ్రాయలేడు. అట్లైన తాను వినగలిగినంతమందినే చేర్చుకొనవలెను. లేనియెడల వినుటకు మరియొకనిని ఆ దీవిలోనే నిలుపవలెను. అపొస్తలుడైన పౌలు ఈ రెండవదానిని చేసెను. క్రేతు ద్వీపమునకు ఆయన పంపినది పత్రిక మాత్రమే కాదు; అక్కడ ముందే తీతును విడిచిపెట్టి, పట్టణ పట్టణమున పెద్దలను ఏర్పరచుమనెను. కొలొస్సయులకు వ్రాసినప్పుడు ఆ పత్రికను తుకికు చేతికిచ్చి, వ్రాయని సంగతులను అతడు నోటితో తెలియజేయునని చెప్పెను. పౌలు పత్రికలు ఒంటరిగా ప్రయాణము చేయలేదు. వాటి ప్రక్కన నడిచిన మనిషిని అడుగవచ్చును, ఆ మనిషి తిరిగి వచ్చి చెప్పవచ్చును. తపాలా వచ్చిన తరువాత తుకికుతో పని తీరినదని సంఘము తలచినది. తీరలేదు.

ఉపగ్రహము వచ్చినప్పుడును ఇదే పరీక్ష. 1968లో సువాలో స్థాపింపబడిన దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయమువారు, 1966లో అమెరికావారు ఆకాశమునకు పంపిన ఏ.టి.ఎస్.-1 అను ఉపగ్రహమును ఉపయోగించి 1970లనుండి దీవుల కేంద్రములతో మాటలాడిరి. అది లౌకిక విద్యకై చేసిన యేర్పాటు. వేదవిద్య నడుపువారికి అందులో నేర్చుకొనదగినది కలదు. ముఖము కనబడదు, కంఠము మాత్రమే. ఒకరు మాటలాడునప్పుడు తక్కినవారందరు వినవలసినదే; ఇద్దరు ఒక్కసారి పలుక వీలులేదు. ఒక దీవి విద్యార్థి అడిగిన ప్రశ్న తక్కిన దీవులన్నియు విన్నవి. 1985లో ఆ ఉపగ్రహము పని ముగిసినది. తరువాత మెరుగైనవి వచ్చినవి. నేడు చేతిలోని ఫోనులో ముఖమును కనబడును, కంఠమును వినబడును. 2020లో రోగభయముచేత గుళ్లు మూయబడినప్పుడు హైదరాబాదు నడిబొడ్డులోని విశ్వాసియు ఒక ద్వీపవాసియే ఆయెను. అప్పుడు ఫోనులో ప్రసంగములు వరదవలె వచ్చినవి. "నీవు తింటివా?" అని అడిగినవారు అంత విరివిగా లేరు.

మన దేశపు ద్వీపములలో ఈ కథకు వేరొక రూపము కలదు. అండమాను దీవులకు దక్షిణమున, పది డిగ్రీల కాలువకు ఆవల, కార్ నికోబారు ఉన్నది. 1896లో వేదప్పన్ సాలొమోను అను తమిళ ఉపదేశి అచ్చటి ముస్ గ్రామములో నివసింప మొదలిడెను. ఆయన పాఠములు పంపలేదు. తానే పోయి నిలిచెను. ఆయనయొద్ద చదివిన ఒక నికోబారు బాలుడు సముద్రము దాటి బర్మాలోని మాండలేలో విద్య నేర్చి, 1912లో తన దీవికి తిరిగి వచ్చెను. ఆయనే జాన్ రిచర్డ్‌సన్. తరువాత ఆ ద్వీపములకు బిషప్పు. 1978లో గతించెను. ఆయన క్రొత్త నిబంధనను తన ప్రజల భాషలోనికి తెచ్చెను. ఎలెకానావలె ఆయనయు వెళ్లి తిరిగి వచ్చినవాడు. పాఠము గట్టునుండి దీవికి వచ్చుట ముగిసి, దీవి తన పాఠమును తానే వ్రాసికొనుట అక్కడ మొదలైనది.

2004 డిసెంబరు 26 ఉదయమున, క్రిస్మసు మరునాడు, సముద్రము ఆ దీవులమీదికి వచ్చినది. గ్రేట్ నికోబారు దక్షిణపు కొనయైన ఇందిరా పాయింటులో నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగి, దీపస్తంభము అడుగు నీటిలో నిలిచినది. కార్ నికోబారు తీరమున గ్రామములు తుడిచిపెట్టుకొనిపోయినవి. ఆ తరువాత అక్కడ ఆదికాండము తొమ్మిదవ అధ్యాయమును ఎట్లు బోధింపవలెను? పోర్టు బ్లెయిరులో తరతరములుగా నున్న తెలుగువారికైనను, విశాఖలో కూర్చుండి పాఠము వ్రాయువారికైనను ఆ ప్రశ్న వర్తించును. ధనుస్సునకు ఎదుట గుర్తు పెట్టుమనుట చాలదు. ఆ అధ్యాయమును గూర్చిన పాఠము నికోబారులో వ్రాయబడి, గట్టునకు పంపబడి, గట్టువారు ఖాళీలు పూరించి తిరిగి పంపిన యెడల ఎట్లుండునో ఆలోచింపదగినది. పత్మాసు పద్ధతి అదియే.

యోహాను పేరిట నున్న రెండవ, మూడవ పత్రికలు మిక్కిలి చిన్నవి. ఒక్కొక్కటి ఒక్క కాగితమునకు సరిపోవును. రెండింటి చివరను వ్రాసినవాడు దాదాపు ఒకే మాట చెప్పి కలము ప్రక్కన పెట్టెను. చెప్పవలసినది ఇంకను చాల కలదనియు, దానిని సిరాకు అప్పగించుట తనకిష్టము లేదనియు, వచ్చి ముఖము చూచి మాటలాడ గోరుచున్నాననియు తెలిపెను. ఆయన వెళ్లినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. ఉత్తరము మాత్రము చేరినది.